పక్క స్థలం రంగు మారకముందే: భూ వినియోగ మార్పుపై కాలనీవాసులు అభ్యంతరం చెప్పే విధానం

ఇంటి పక్క ఖాళీ స్థలంలో బోరు బండి వచ్చి నిలబడిన రోజున చాలామంది పురపాలక కార్యాలయానికి పరుగెత్తుతారు. ఆ స్థలానికి సంబంధించిన దస్త్రం అప్పటికి ఎన్నో నెలల ముందే ఆ కార్యాలయంలో పుట్టి, కౌన్సిల్ తీర్మానమై, రాజధానికి వెళ్లి, ప్రభుత్వ ప్రకటనల పత్రిక అయిన గెజిట్‌కెక్కి, ఉత్తర్వుగా తిరిగి వచ్చి ఉంటుంది. అది నడిచిన దారిలో ఇరుగుపొరుగు వారు తమ మాట చెప్పుకోవడానికి చట్టం రెండు మూడు చోట్ల వీలు కల్పించింది. ఆ చోట్లు ఎక్కడున్నాయో తెలియకనే మన అభ్యంతరం బోరు బండి దగ్గర మొదలవుతుంది. ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణ పట్టణాలవి. ఆంధ్రప్రదేశ్‌లో చట్టాల పేర్లు, కొన్ని అంకెలు వేరుగా ఉన్నప్పటికీ, 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టమూ 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టమూ రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి వారసత్వం కనుక, దస్త్రం నడిచే తీరు అక్కడా దాదాపు ఇలాగే ఉంటుంది.

ఏ కాగితం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవడం

స్థల యజమాని "కన్వర్షన్ అయిపోయిందండీ" అంటే, ఏ కన్వర్షన్ అని అడగడం మన మొదటి పని. ఈ ఒక్క మాట కింద పరస్పరం సంబంధం లేని మూడు అనుమతులు చలామణీ అవుతున్నాయి.

మొదటిది వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం. జనం నోట్లో ఇది నాలా. 2006 నాటి చట్టం ప్రకారం రుసుము కట్టించుకుని రెవెన్యూ శాఖ ఇచ్చే కాగితం ఇది. తెలంగాణలో తహసీల్దారు కార్యాలయం ద్వారా వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని 2025లో రద్దు చేసుకుంది. ఈ కాగితం చెప్పేది ఒక్కటే: ఇక ఆ భూమి సాగు భూమి కాదు. అక్కడ ఇల్లు కట్టాలా, గోదాము కట్టాలా, ఫంక్షన్ హాలు కట్టాలా అన్నది ఇందులో ఉండదు.

రెండోది భూ వినియోగ మార్పిడి. ఏ స్థలాన్ని దేనికి వాడాలో చూపే మాస్టర్ ప్లాన్ పట్టణానికి ఉన్నప్పుడు, అందులో నివాస జోన్‌గా చూపిన స్థలాన్ని వాణిజ్య జోన్‌గానో, పార్కుగా చూపిన స్థలాన్ని నివాస జోన్‌గానో మార్చడం ఇది. ఇది ప్లాన్‌కే సవరణ కనుక తుది ఉత్తర్వు పురపాలక సంఘం నుంచి కాక రాష్ట్ర ప్రభుత్వం నుంచి వస్తుంది. మూడోది భవన నిర్మాణ అనుమతి. ఇది కమిషనర్ పరిధిలోని పని. కౌన్సిల్ ఓటు వేసి ఒక ఇంటికి అనుమతి ఇవ్వడం గానీ ఆపడం గానీ ఉండదు.

ఈ తేడా తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. భూ వినియోగ మార్పిడిని ఆపమని తహసీల్దారు చుట్టూ తిరిగేవారు, భవన అనుమతి రద్దు చేయమని కౌన్సిలర్ మీద ఒత్తిడి తెచ్చేవారు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తారు. ఎదుటి అధికారి మర్యాదగా దరఖాస్తు తీసుకుంటాడు, అది తన చేతిలో లేదని మాత్రం చెప్పడు; ఈలోగా అసలు గడువు దాటిపోతుంది. 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ, భవన నిర్మాణ నియంత్రణ. రెండూ పురపాలక సంఘాలకు అప్పగించదగినవిగా రాసినవే. ముప్పై ఏళ్లు దాటినా ప్లాన్ మార్చే కలం మాత్రం సచివాలయంలోనే ఉంది. ఇది సబబా కాదా అన్న చర్చ వేరే. మన అభ్యంతర పత్రం ఎక్కడికి చేరాలో తెలియడానికి ఈ వాస్తవం చాలు.

మాస్టర్ ప్లాన్‌ను చూడటం

మీ స్థలం సర్వే నంబరు, మీ కాలనీ చుట్టూ ఉన్న సర్వే నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంటి నంబరు, ప్లాట్ నంబరు, వీధి పేరు ప్రభుత్వ ప్రకటనల్లో కనిపించవు. సర్వే నంబరు, రెవెన్యూ గ్రామం, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఇంతే ఉంటాయి. సేల్ డీడ్ చివరి పేజీల్లోని షెడ్యూలులో మీ సర్వే నంబరు దొరుకుతుంది.

తరువాత మీ ఊరు ఏ సంస్థ పరిధిలో ఉందో తెలుసుకోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల అయితే హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ. 2013 జనవరిలో నోటిఫై అయిన 2031 ప్రణాళిక అక్కడి విస్తారమైన ప్రాంతానికి వర్తిస్తుంది. నిజామాబాద్, కరీంనగర్, ఖమ్మం వంటి చోట్ల పట్టణాభివృద్ధి సంస్థలు ఉన్నాయి. ఇవేవీ లేని పురపాలక పట్టణాల్లో 1920 చట్టం కింద చేసిన మాస్టర్ ప్లానే ఆధారం, దానిపై సాంకేతిక సలహా డీటీసీపీ అనే పట్టణ, గ్రామీణ ప్రణాళికా సంచాలకుల కార్యాలయానిది.

ప్లాన్ పటంలో నివాస ప్రాంతం సాధారణంగా పసుపు రంగులో, వాణిజ్యం నీలంలో, పరిశ్రమలు ఊదాలో, పార్కులు పచ్చలో ఉంటాయి. రంగుల మీద పూర్తిగా ఆధారపడకుండా, పటం మూల ఉన్న సూచిక చదివి నిర్ధారించుకోండి. ఫోన్‌లో తిరిగే పటాలు చాలా వరకు మసకబారిన నకళ్లు. పసుపు ఎక్కడ ఆగి నీలం ఎక్కడ మొదలైందో వాటిలో తేలదు. పురపాలక కార్యాలయంలో గోడకు వేలాడే పెద్ద పటం ముందు నిలబడి, టౌన్ ప్లానింగ్ సిబ్బందిని అడిగి మీ సర్వే నంబరు చూపించుకోవడం మేలు.

పటంతో పాటు జోనింగ్ నిబంధనలు అనే పుస్తకం ఒకటి ఉంటుంది. దాన్ని చదివేవారు తక్కువ. నివాస జోన్ అంటే ఇళ్లు తప్ప మరేదీ రాకూడదని మనం అనుకుంటాం. నిబంధనలు మాత్రం చిన్న దుకాణం, క్లినిక్, పిల్లల బడి, బ్యాంకు వంటి వాటిని రోడ్డు వెడల్పు వంటి షరతులతో అక్కడ అనుమతిస్తాయి. కనుక పక్క స్థలంలో రాబోయేది నివాస జోన్‌లో అసలే అనుమతి ఉన్న పనా, లేక జోన్ మారితే తప్ప వీలుకాని పనా అన్నది ముందే చూసుకోవాలి. మొదటి సందర్భంలో జోన్ గురించి పోరాడటం వృథా. రోడ్డు వెడల్పు, పార్కింగ్, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ) షరతుల మీదే మాట్లాడాలి.

చెరువు దగ్గరి స్థలమైతే మరో కొలత కూడా ఉంది. 2012 నాటి భవన నియమాలు, అంటే జీవో 168, పూర్తి నీటి మట్టం లోపల నిర్మాణాన్ని నిషేధించి, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా ఉంచాలంటాయి. జోన్ ఏ రంగులోకి మారినా ఈ ఖాళీ మారదు.

కౌన్సిల్‌లో జరిగేది

పురపాలక పట్టణంలో భూ వినియోగ మార్పిడి దరఖాస్తు ముందుగా టౌన్ ప్లానింగ్ విభాగానికి వస్తుంది. స్థలం చూసి, ఎదుటి రోడ్డు కొలిచి, చుట్టూ ఏమున్నాయో రాసి, అధికారి ఒక సాంకేతిక నివేదిక తయారు చేస్తాడు. అది కౌన్సిల్ ఎజెండాలోకి ఎక్కుతుంది. "ఫలానా సర్వే నంబరులోని రెండెకరాల పది గుంటల భూమిని నివాస వినియోగం నుండి వాణిజ్య వినియోగమునకు మార్చుటకై వచ్చిన దరఖాస్తును పరిశీలించి తీర్మానించుట గురించి" అన్న ధోరణిలో ఒకటిన్నర వరుస అక్కడ కనిపిస్తుంది. కౌన్సిల్ ఆమోదిస్తే ఆ తీర్మానం ప్రతితో దస్త్రం పైకి వెళుతుంది. తుది నిర్ణయం కౌన్సిల్‌ది కాకపోయినా, ప్రభుత్వం జారీ చేసే ఉత్తర్వులో "పురపాలక సంఘం ఫలానా తీర్మానం ద్వారా సిఫారసు చేసింది" అన్న వాక్యం ఉంటుంది. ఆ వాక్యం లేకుండా చేయగలిగితే సగం పని అయినట్టే.

కౌన్సిల్ నెలకోసారి సమావేశమవుతుంది. ఎజెండా సభ్యులకు ముందుగానే చేరుతుంది. కాబట్టి మీ వార్డు కౌన్సిలర్‌తో ఒక్క ఏర్పాటు చేసుకోండి: ప్రతి నెలా ఎజెండా రాగానే టౌన్ ప్లానింగ్ అంశాల పేజీలు మాత్రం ఫోటో తీసి కాలనీ సంఘానికి పంపమనండి. చాలామంది కౌన్సిలర్లు దీనికి సంతోషంగానే ఒప్పుకుంటారు, ఎందుకంటే అంతకుముందు వారిని ఎవరూ అడిగి ఉండరు. సభ నడుస్తుండగా బల్ల మీదికి వచ్చే అదనపు అంశాల్ని టేబుల్ ఐటమ్స్ అంటారు. ఇబ్బందికరమైన విషయాలు అలా వచ్చే ఆనవాయితీ ఉన్నదని ఏ కౌన్సిలర్‌ని కదిపినా చెబుతారు. భూ వినియోగ మార్పు టేబుల్ ఐటమ్‌గా వస్తే చదివే వ్యవధి లేదు కనుక వాయిదా వేయమని అడగాలని ముందే వారితో మాట్లాడి పెట్టుకోవాలి.

మీ అభ్యంతరాన్ని సభకు ముందే చైర్‌పర్సన్‌కూ కమిషనర్‌కూ రాతపూర్వకంగా ఇచ్చి, అది అందినట్టు కార్యాలయం వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. అప్పుడు కౌన్సిలర్ సభలో లేచి "దీనిపై పౌరుల నుంచి ఫలానా నంబరు అభ్యంతరం వచ్చింది, దాన్ని చదివి వినిపించాలి" అని అడగగలుగుతారు. తీర్మానం నెగ్గినా వ్యతిరేకించిన సభ్యుల అసమ్మతి మినిట్స్ పుస్తకంలో నమోదు కావాలి. మౌఖికంగా వ్యతిరేకించి, పుస్తకంలో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అన్న మాట కింద సంతకం పెట్టి వచ్చే సభ్యుడి వల్ల మీకు ఒరిగేది లేదు.

తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలంటుంది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు, ఒక్కొక్క దానిలో 15 మంది. ఇవి మీ ఊళ్లో పని చేస్తున్నట్టయితే అందులో ఒకరిద్దరు మీ కాలనీ వారు ఉండేలా చూసుకోవడం లాభం. పాలకవర్గం గడువు ముగిసి ఎన్నికలు జరగని రోజుల్లో కౌన్సిల్ అధికారాలన్నీ ప్రత్యేకాధికారివి. అప్పుడు తీర్మానం అంటే ఒక అధికారి సంతకమే. అటువంటి కాలంలో నిఘా తగ్గించకుండా రెట్టింపు చేయాలి.

పదిహేను రోజులు

ఇది ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం. ప్రభుత్వం ప్లాన్‌లో మార్పు చేయదలచుకున్నప్పుడు ముసాయిదా ప్రకటనను గెజిట్‌లో ప్రచురించి, అభ్యంతరాలు, సలహాలు కోరుతుంది. సాధారణంగా ఇచ్చే గడువు పదిహేను రోజులు. ఆ లెక్క గెజిట్‌లో ప్రచురించిన తేదీ నుంచి మొదలవుతుంది. పత్రికలో మీరు చూసిన తేదీ నుంచి కాదు.

దీన్ని మేము నష్టపోయి నేర్చుకున్నాం. మా కాలనీ వెనుక ఉన్న స్థలాన్ని నివాసం నుంచి వాణిజ్యానికి మార్చే ముసాయిదా ఒక పత్రిక లోపలి పేజీలో, టెండరు ప్రకటనల మధ్య, బియ్యపు గింజంత అక్షరాల్లో వచ్చింది. మా కాలనీలో ఆ పత్రిక తెప్పించుకునేవారు పాతిక మందికి పైనే. అందులో ఉన్నది సర్వే నంబరు, ఆ సర్వే నంబరు మా వెనుక స్థలానిదని మాలో ఒక్కరికీ తెలియదు. తెలిసేసరికి గడువు దాటి వారం. మేం ఇచ్చిన అభ్యంతరాన్ని కార్యాలయంలో తీసుకున్నారు, ముద్ర కూడా వేశారు. తరువాత వచ్చిన తుది ఉత్తర్వులో మాత్రం "నిర్ణీత గడువులో ఎటువంటి అభ్యంతరాలూ రాలేదు" అని ఉంది. అది అక్షరాలా నిజం కూడా.

అందువల్ల కాలనీ సంఘంలో ఒకరికి ఒకే బాధ్యత అప్పగించండి: వారానికి ఒకసారి గెజిట్ వెబ్‌సైటు, పట్టణాభివృద్ధి సంస్థ వెబ్‌సైటు తెరిచి, మన సర్వే నంబర్లు ఉన్నాయేమో చూడటం. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు ఈ పనిని అద్భుతంగా చేస్తారు.

ప్రకటన కనిపించగానే మొదట చూడవలసింది అభ్యంతరాలు ఎవరికి పంపాలని అందులో ఉందో ఆ చిరునామా. అది పురపాలక శాఖ కార్యదర్శి కావచ్చు, అభివృద్ధి సంస్థ కమిషనర్ కావచ్చు. స్థానిక కార్యాలయంలో ఇచ్చి ఊరుకుంటే చాలదు. రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపి, ఒక ప్రతిని నేరుగా ఇన్‌వర్డ్ చేయించి, ప్రకటనలో ఈమెయిల్ ఉంటే అందులోనూ పంపడం క్షేమం.

తరువాత షెడ్యూలు చదవండి. ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర హద్దులు స్థలంలో ఉన్నవాటితో సరిపోతున్నాయా? "దక్షిణం: 40 అడుగుల రోడ్డు" అని రాసిన చోట నిజానికి పాతికడుగుల సందు ఉండటం అరుదేమీ కాదు. టేపు తీసుకుని మూడు చోట్ల కొలవండి, టేపు అంకె కనిపించేలా ఫోటోలు తీయండి. నా అనుభవంలో ఇటువంటి ఒక్క ఫోటో పదిమంది సంతకాల కంటే బలమైనది.

అభ్యంతర పత్రంలో ఏం రాయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. ప్రణాళికకు సంబంధించిన కారణాలే రాయాలి. ఎదుటి రోడ్డు వెడల్పు ప్రతిపాదిత వినియోగానికి చాలదు. మురుగు కాలువ ఇప్పుడున్న ఇళ్లకే సరిపోక వానాకాలంలో పొంగుతోంది, ఇవిగో తేదీలతో ఫోటోలు. ప్లాన్‌లో వాణిజ్యానికి కేటాయించిన స్థలం అర కిలోమీటరు దూరంలో ఖాళీగా ఉండగా నివాస జోన్ నడుమ ఒక్క సర్వే నంబరును మార్చవలసిన ప్రజా ప్రయోజనం దరఖాస్తులో చూపలేదు. పక్కనే బడి ఉంది. స్థలంలో కొంత భాగం చెరువు నుంచి వదలవలసిన ఖాళీలోకి వస్తుంది. ఇవి అధికారి తన నివేదికలో జవాబు చెప్పవలసిన కారణాలు. మా స్థలాల ధర పడిపోతుంది, మాకు గాలి రాదు, ఎవరెవరో వచ్చి చేరతారు అన్నవి బలహీనమైనవి. చివరిది న్యాయమైనది కూడా కాదు. బ్రహ్మచారులు వస్తారని, ఫలానా తిండి తినేవారు వస్తారని రాసిన పత్రం మిగతా సరైన కారణాలను కూడా తేలిక చేస్తుంది. అటువంటి వాక్యం సంఘంలో ఎవరు ప్రతిపాదించినా తీసేయించండి.

పత్రం స్వరూపం ఇలా ఉంటే చాలు:

"విషయం: ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాలోని ఇంత విస్తీర్ణమును నివాస వినియోగం నుండి వాణిజ్య వినియోగమునకు మార్చుటపై అభ్యంతరం. సూచిక: ఫలానా తేదీ గెజిట్‌లో ప్రచురితమైన ముసాయిదా ప్రకటన. అయ్యా, పై స్థలమునకు తూర్పున గల ఇంటి నంబరు ఫలానాలో నేను నివసిస్తున్నాను. ప్రకటనలో దక్షిణ హద్దుగా చూపిన రోడ్డు వెడల్పు 40 అడుగులని ఉన్నది. స్థలములో కొలవగా మూడు చోట్ల వరుసగా 24, 25, 24 అడుగులు ఉన్నది, ఫోటోలు జతపరచడమైనది. కావున రోడ్డును సంయుక్తంగా కొలిపించి, ఆ నివేదిక ప్రతిని నాకు ఇప్పించి, నా వాదన స్వయంగా వినిన తరువాతనే నిర్ణయం తీసుకొనవలసినదిగా కోరుచున్నాను."

ఒక పత్రంలో మూడు నాలుగు కారణాలకు మించవద్దు. అందరూ కలిసి ఒక ఉమ్మడి పత్రం ఇవ్వడంతో పాటు, స్థలానికి ఆనుకుని ఉన్న ఇళ్లవారు ఎవరికి వారు తమ ఇంటి నంబరుతో వేరువేరు పత్రాలు ఇవ్వాలి. ఒకే మాటలను నకలు తీసి పేరు మార్చి ఇచ్చిన యాభై పత్రాలను దస్త్రంలో ఒకే అభ్యంతరంగా రాసుకుంటారు.

ఊరంతటి ప్లాన్ మారుతున్నప్పుడు

ఒక్క సర్వే నంబరు కాకుండా ఊరి మాస్టర్ ప్లాన్ మొత్తం కొత్తగా తయారవుతున్నప్పుడు గడువు ఎక్కువగా ఉంటుంది, తగాదా కూడా పెద్దదవుతుంది. కామారెడ్డి ఇందుకు దగ్గరి ఉదాహరణ. అక్కడి ముసాయిదా ప్లాన్‌లో తమ సాగు భూములను పారిశ్రామిక జోన్‌గా చూపారని చుట్టుపక్కల గ్రామాల రైతులు 2023 జనవరిలో రోడ్డెక్కారు. కలెక్టరేట్ ముట్టడి, బంద్, హైకోర్టులో పిటిషన్లు, కౌన్సిలర్ల ఇళ్ల ముందు ఆందోళనలు జరిగాయి. చివరకు జనవరి 20న కామారెడ్డి పురపాలక కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాల కౌన్సిల్ కూడా తన ముసాయిదాపై అదే దారి పట్టింది.

దీన్నుంచి చాలామంది తీసుకున్న పాఠం ఆందోళన చేస్తే ప్లాన్ ఆగుతుందని. నేను గమనించింది వేరే. ఆ ఆందోళన అభ్యంతరాల గడువు నడుస్తున్న రోజుల్లోనే జరిగింది, రైతులు సర్వే నంబర్లతో సహా రాతపూర్వక అభ్యంతరాలు దాఖలు చేశారు, ఒత్తిడి అంతా తీర్మానం చేయగలిగిన కౌన్సిల్ మీద పెట్టారు. అదే ఆందోళన తుది నోటిఫికేషన్ వచ్చాక జరిగి ఉంటే కౌన్సిల్ చేతిలో రద్దు చేయడానికి ముసాయిదా అంటూ మిగిలి ఉండేది కాదు. ప్లాన్‌లో ఒక జోన్‌గా చూపినంత మాత్రాన భూమి యాజమాన్యం మారిపోదన్నది నిజమే. కానీ ఆ భూమిలో రేపు ఇంటికి అనుమతి దొరుకుతుందా లేదా అన్నది ఆ రంగే నిర్ణయిస్తుంది కనుక, "మీ భూమి ఎక్కడికీ పోదు" అన్న ఓదార్పుతో ఊరుకోకూడదు.

జోన్ మారకుండా వచ్చే భవనం

తెలంగాణలో భవన అనుమతులు 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం కింద ఆన్‌లైన్‌లో నడుస్తాయి. ఇప్పుడా వేదిక బిల్డ్‌నౌ. 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ఫ్లోరు మీద ఒక అంతస్తు దాకా కట్టుకునే ఇంటికి అనుమతే అక్కరలేదు, రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే సరిపోతుంది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాకా యజమాని స్వీయ ధ్రువీకరణ మీద తక్షణమే అనుమతి వస్తుంది. అంతకు మించితే 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నియమాలు, ఏపీడీపీఎంఎస్ అనే వేరే వేదిక ఉన్నాయి.

ఈ దశలో ఇరుగుపొరుగు అభ్యంతరానికి ముందస్తు ప్రకటన అంటూ ఉండదు. మంజూరైన ప్లాన్ ప్రతి సంపాదించి, కట్టడంతో పోల్చి చూడటమే మన ఆయుధం. పక్క సెట్‌బ్యాక్, అంతస్తుల సంఖ్య, స్టిల్ట్ అంతస్తు, ఈ మూడింటినీ చూడండి. పార్కింగ్ కోసం వదిలిన స్టిల్ట్‌లో షట్టర్లు బిగించడం మన పట్టణాల్లో అతి సాధారణమైన అతిక్రమణ. పునాది, పిల్లర్ల దశలో ఫిర్యాదు చేస్తే ఫలితం ఉంటుంది. స్లాబులు పడి గృహప్రవేశం అయ్యాక అదే ఫిర్యాదు ఎదుటి కుటుంబంతో శత్రుత్వాన్ని తప్ప మరేదీ తేదు. పెద్ద భవనాల్లో పదో వంతు విస్తీర్ణం పురపాలక సంఘం పేర తనఖాలో ఉంటుంది, భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా అది విడుదల కాదు. అతిక్రమణ ఫొటోలతో, అనుమతి నంబరుతో, "ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఈ విషయం పరిశీలించవలెను" అని రాసిన పత్రాన్ని కమిషనర్‌కు ఇచ్చి, ప్రతిని సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా నమోదు చేయించండి.

దస్త్రం తెప్పించుకోవడం, కోర్టుకు వెళ్లడం

సమాచార హక్కు చట్టం, 2005 కింద పురపాలక సంఘానికి పెట్టే దరఖాస్తుకు రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, తరువాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. "ఎందుకు ఇచ్చారు?" అని అడిగితే ఏమీ రాదు, ఎందుకంటే అది రికార్డు కాదు. సాంకేతిక నివేదిక ప్రతి, కౌన్సిల్ తీర్మానం ప్రతి, వచ్చిన అభ్యంతరాల జాబితా, వాటిపై రాసిన నోట్ ఫైలు ప్రతి అని పేరు పెట్టి అడగండి. ఆ దస్త్రాన్ని కార్యాలయంలో కూర్చుని స్వయంగా చూసే అవకాశం కూడా ఇదే చట్టం ఇస్తుంది. ఏ కాగితం ఉందో తెలియనప్పుడు ఇదే మంచి దారి. పదిహేను రోజుల గడువుకు ముప్పై రోజుల జవాబు పనికిరాదు కనుక, ఎజెండాలో అంశం కనిపించిన రోజే ఈ దరఖాస్తు పెట్టాలి.

కోర్టు చివరి మెట్టు, ఖర్చుతో కూడినది. అయినా పక్కింటివారికి ఇందులో ప్రశ్నించే హక్కు ఉందా అన్న సందేహం ఎప్పుడో తీరింది. ఉడుపిలో నివాస ప్రాంతంలో కల్యాణ మండపానికి అనుమతి తీసుకున్న వ్యక్తి దాన్ని సినిమా హాలుగా మార్చుకోవడానికి పురపాలక సంఘం ఒప్పుకుంటే, 1974లో సుప్రీంకోర్టు ఆ ఒప్పుకోలు చెల్లదంది. పట్టణ ప్రణాళికకు విరుద్ధంగా తీర్మానం చేసే అధికారం సంఘానికి లేదని, యజమాని అప్పటికే డబ్బు ఖర్చు పెట్టాడన్నది సాకు కాదని, ఆ ప్రాంత నివాసికి అడిగే హక్కు ఉందని చెప్పింది. బెంగళూరులో పార్కు స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కు కేటాయించిన వ్యవహారంలో 1991లో అదే కోర్టు కాలనీవాసుల పక్షం నిలిచింది. మనకు మరింత దగ్గరిది 2011 నాటి తీర్పు: అప్పటి విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో, ప్లాన్ వినోదానికి కేటాయించిన స్థలంలో గుడి నిర్మాణానికి వచ్చిన అనుమతి, 1975 చట్టం సెక్షన్ 12 చెప్పిన పద్ధతిలో ప్లాన్ మార్చకుండా ఇచ్చినదన్న కారణంతో నిలవలేదు. గుడి అయినా ఆసుపత్రి అయినా, మంచి పని అన్నంత మాత్రాన పద్ధతి మాఫీ కాదన్నది ఈ కేసుల్లోని ఉమ్మడి అంశం. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలంలో కాలనీ పెద్దలే గుడి కట్టబోయే సందర్భాల్లో దీన్ని గుర్తు చేయడం ఇబ్బందికరమే, అయినా చెప్పవలసిందే.

హైకోర్టులో మీరు గడువులో అభ్యంతరం చెప్పారా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఇన్‌వర్డ్ ముద్ర, పోస్టల్ రసీదు అప్పుడు పనికి వస్తాయి.

ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వచ్చినా దాన్ని పక్కన పడేయవద్దు, చివరి పేరాల్లోని షరతులు చదవండి. ఈ మార్పును యాజమాన్యానికి రుజువుగా వాడరాదని, నిర్మాణానికి ముందు విడిగా అనుమతి తీసుకోవాలని, రోడ్డు విస్తరణకు పోయే భాగాన్ని ఉచితంగా పురపాలక సంఘానికి రాసివ్వాలని సాధారణంగా అక్కడ ఉంటుంది. ఆ గిఫ్ట్ డీడ్ నిజంగా రిజిస్టర్ అయిందా లేదా అన్నది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆ ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయించి చూడవచ్చు. కాలేదని తేలితే, ఆ ఈసీ ప్రతిని జతచేసి, భవన అనుమతి ఇవ్వకముందే కమిషనర్‌కు మరో పత్రం పెట్టండి. మా వెనుక వీధి నేడు పాతిక నుంచి నలభై అడుగులైంది ఆ పత్రం వల్లనే.